మజిల్ కారు బయటి లోహపు పట్టీలు: బాగుచేయడం, మెరుగు పెట్టడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

1964లో పోంటియాక్ తన లెమాన్స్ కారుకు జి.టి.ఓ. ప్యాకేజీ జోడించి అమ్మినప్పటి నుంచి 1970ల తొలి ఏళ్ల దాకా వచ్చిన అమెరికన్ మజిల్ కార్ల (మామూలు కారులో పెద్ద ఇంజను పెట్టిన వేగమైన కార్ల) గురించి మాట్లాడే వాళ్లు చాలామంది ఇంజను దగ్గర మొదలుపెడతారు. నేను అద్దాల చుట్టూ ఉండే సన్నని మెరుపు గీత దగ్గర మొదలుపెడతాను. కొత్త రంగు వేసిన కారు మీద సొట్టపడి మాసిపోయిన పట్టీ తిరిగి బిగిస్తే, పట్టుచీరకు చిరిగిన అంచు కుట్టినట్లు ఉంటుంది. నేను డెట్రాయిట్ శివారులో ఉంటాను. 1995 నుంచి ఇక్కడి వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఏటా ఆగస్టులో పాత కార్ల డ్రీమ్ క్రూజ్ జరుగుతోంది. అక్కడ నా 1967 షెవెల్ (షెవర్లే కంపెనీ కారు) పక్కన ఆగి మాట్లాడే తెలుగువాళ్లు, కొత్తగా పాత కారు కొనుక్కున్న వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇవి నా జవాబులు.

బయటి ట్రిమ్ అంటే ఏయే భాగాలు?

ముందు, వెనక అద్దాల చుట్టూ ఉండే పట్టీలు, పైకప్పు అంచున వాన నీరు జారే గాడిని కప్పే పట్టీలు, చక్రాల వంపుల అంచులు, తలుపుల కింద పొడవునా సాగే పట్టీలు, గ్రిల్లు, దీపాల చుట్టూ ఉండే చట్రాలు, తలుపు పిడులు, వెనక చూసే అద్దాల కాళ్లు, పేర్లు, చిహ్నాలు, బంపర్లు. అన్నీ ఒకేలా మెరుస్తాయి కాబట్టి అన్నీ "క్రోమే" అనుకుంటాం. ఈ ఒక్క పొరపాటే చాలా పట్టీల ప్రాణం తీసింది.

నా పట్టీ ఏ లోహమో ఎలా తెలుసుకోవాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే దీన్నే చదవండి. ఒకే కారు మీద నాలుగు రకాలు కలిసి ఉంటాయి: స్టెయిన్‌లెస్ స్టీలు, ఆనోడైజింగ్ (ఆమ్లంలో కరెంటు పంపి పైన గట్టి పొర ఏర్పరచడం) చేసిన అల్యూమినియం, జింక్ పోతపోసి పైన క్రోమ్ పూత పూసిన భాగాలు, ఇనుప రేకు మీద క్రోమ్ పూసిన భాగాలు. ఒకదానికి మందైనది ఇంకోదానికి విషం.

మొదట వెనకవైపు చూడండి. ముందువైపు మోసం చేస్తుంది గాని వెనకవైపు చేయదు. పలుచని రేకును మడిచి, అంచులు లోపలికి తిప్పి, ముందూ వెనకా ఒకే వెండి రంగులో ఉంటే అది స్టెయిన్‌లెస్ గాని అల్యూమినియం గాని అవుతుంది. చేతిలో పట్టుకుంటే తేలిపోతుంది. అల్యూమినియం బరువు అదే పరిమాణం ఉన్న స్టీలులో దాదాపు మూడో వంతే. వెనక మందంగా, బూడిద రంగులో, పోతపోసిన మేకుల్లాంటి కాళ్లతో ఉంటే అది జింక్ పోత. వెనక తుప్పు పట్టి, ముందు మెరుస్తుంటే ఇనుము మీద క్రోమ్.

అయస్కాంతం సగం నిజమే చెబుతుంది. "అయస్కాంతం అంటుకుంది, కాబట్టి స్టెయిన్‌లెస్ కాదు" అని చాలామంది తేల్చేస్తారు. వంటింటి గిన్నెల్లో తరచుగా కనిపించే 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, దానికి అయస్కాంతం అంటుకోదు. కార్ల పట్టీలకు ఎక్కువగా వాడిన 430 రకంలో 16 నుంచి 18 శాతం క్రోమియం ఉంటుంది గాని నికెల్ దాదాపు ఉండదు, అందుకే అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది. అంటుకుంటే 430 రకమో, క్రోమ్ పూసిన ఇనుమో. అంటుకోకపోతే 304 రకమో, అల్యూమినియమో, జింకో.

అల్యూమినియం మీద ఆనోడైజింగ్ పొర ఉందో లేదో మల్టీమీటరు (కరెంటు పారుతుంటే మోగే మీటరు) చెబుతుంది. ఆ పొర కరెంటును పారనివ్వదు. రెండు సూదులూ పైపైన ఆనిస్తే మీటరు మోగకూడదు. మోగితే అక్కడ పొర పోయింది.

రంగు చూసి చెప్పగలిగే కన్ను కొంతకాలానికి వస్తుంది. క్రోమ్‌లో నీలి ఛాయ ఉంటుంది, స్టెయిన్‌లెస్‌లో కాస్త వెచ్చని బూడిద ఛాయ ఉంటుంది. పగటి వెలుగులో రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

కారు మీద ఉండగానే మెరుగు పెట్టకూడదా?

చేత్తో తుడవడానికి, పాలిష్ రాసి మైనం పట్టించడానికి కారు మీదే చాలు. ఇసుక కాగితం, బఫింగ్ (తిరిగే గుడ్డ చక్రానికి ఆనించి మెరుగు పెట్టడం) అయితే తప్పనిసరిగా ఊడదీయాలి. పక్కనున్న రంగు పాడవుతుందన్నది చిన్న కారణం. పట్టీ కింద ఏం దాగి ఉందో చూడాలన్నది పెద్ద కారణం. ఈ కార్లలో వెనక అద్దం కింది గాడి నీరు నిలిచే చోటు. పట్టీని పట్టి ఉంచే క్లిప్పుల చుట్టూ తేమ చేరి, రేకును లోపలి నుంచి తినేస్తుంది. పైకప్పు మీద వినైల్ (తోలులాంటి ప్లాస్టిక్) తొడుగు ఉన్న కారైతే మరింత జాగ్రత్తగా చూడాలి. పైన పట్టీ మెరుస్తూ ఉండగా కింద వేలు దూరే చిల్లులు ఉన్న కార్లను చూశాను.

విరగకుండా, వంగకుండా ఎలా ఊడదీయాలి?

తొందర లేకుండా. అద్దాల చుట్టూ ఉన్న పట్టీలు లోపలి క్లిప్పులకు తగులుకుని ఉంటాయి. కొక్కెంలాంటి పలుచని పనిముట్టు ఒకటి చౌకగా దొరుకుతుంది. దాన్ని పట్టీ కిందికి దూర్చి, క్లిప్పు దొరికేదాకా జరిపి, క్లిప్పును వెనక్కి లాగితే పట్టీ దానంతట లేస్తుంది. స్క్రూడ్రైవరుతో పైకి ఎగదన్నితే పట్టీ అంచు శాశ్వతంగా వంగుతుంది, అద్దం పగిలే ప్రమాదం కూడా ఉంది. వాన గాడి మీది పట్టీని ఒక చివర నుంచి సీసా మూత తీసినట్లు అంగుళం అంగుళం విప్పుతూ రావాలి. మధ్యలో పట్టుకుని లాగితే మడత పడుతుంది, ఆ మడత పోదు.

తలుపుల మీది పట్టీలకు, చిహ్నాలకు లోపలి వైపు నట్లు ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె వేసి నానబెట్టండి. జింక్ పోత కాళ్లు ఇనుప బోల్టుల్లాంటివి కావు, కాస్త బలం ఎక్కువైతే పుటుక్కుమని విరుగుతాయి. చలి ఎక్కువగా ఉన్న గ్యారేజీలో ఈ పని పెట్టుకోవద్దు.

ఊడిన ప్రతి ముక్కకూ చీటీ కట్టండి: ఎడమ, కుడి, ముందు, వెనక. ఫోటో తీయండి. ఎన్ని క్లిప్పులు, ఏ వరసలో ఉన్నాయో రాసుకోండి. రెండేళ్ల తర్వాత తిరిగి బిగించే రోజున ఆ చీటీలే మీకు జ్ఞాపకశక్తి.

స్టెయిన్‌లెస్ పట్టీలో సొట్టలు పోతాయా?

పోతాయి. నాకు ఈ పనంతటిలో ఇష్టమైన భాగం ఇదే. స్టెయిన్‌లెస్ లోతు దాకా ఒకే లోహం, పూత కాదు. కాబట్టి సొట్ట లేపి, గరుకు తీసి, రుద్ది మళ్లీ పుట్టినప్పటి మెరుపు తేవచ్చు. తయారీలో ఎవరో వంచిన రేకును యాభై అరవై ఏళ్ల తర్వాత మన చేతులతో మళ్లీ అదే వంపుకు తీసుకురావడంలో ఒక తృప్తి ఉంది.

పని వెనకవైపు నుంచి జరగాలి. ముందువైపును గట్టి చెక్క మీద గాని, నున్నగా అరగదీసిన చిన్న ఇనుప దిమ్మ మీద గాని ఆనించి, వెనక నుంచి మొన గుండ్రంగా ఉన్న చిన్న ఉలితో, తేలికపాటి సుత్తితో మెత్తగా కొట్టాలి. కంసాలి పట్టెడ మీద నగ కొట్టే తీరు గుర్తుచేసుకోండి. బలంతో రెండు దెబ్బలు వేసే చోట నెమ్మదిగా ఇరవై వేయాలి. సొట్ట అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకు రావాలి. నేరుగా మధ్యలో కొడితే లోహం సాగి, సొట్ట స్థానంలో బొడిపె వస్తుంది. సాగిన లోహాన్ని మళ్లీ ముడుచుకునేలా చేయడం చాలా కష్టం. దెబ్బ తిన్నకొద్దీ స్టెయిన్‌లెస్ గట్టిపడుతుంది కూడా, అందుకే తక్కువ దెబ్బలతో పని ముగించే ఆలోచన ముందే ఉండాలి.

ఎంత లేచిందో కంటికి తెలియదు. సన్నని ఆకురాయిని ముందువైపు తేలికగా ఒకసారి నడపండి. ఎత్తుగా ఉన్న చోట తళుక్కుమంటుంది, పల్లం నల్లగా మిగులుతుంది. ఆ నల్లమచ్చను వెనక నుంచి మళ్లీ కొంచెం లేపండి, మళ్లీ ఆకురాయి నడపండి. మచ్చ కనబడనంత వరకు ఇదే వరస. పట్టీ మందం మిల్లీమీటరుకు లోపే, ఆకురాయితోనే అంతా సమం చేద్దామని రుద్దితే చిల్లు పడుతుంది. ఆకురాయి పని పల్లం ఎక్కడుందో చూపించడం, కొండను తవ్వేయడం కాదు.

ఒక జాగ్రత్త: మామూలు ఇనుము మీద వాడిన ఆకురాయి, బ్రష్షు స్టెయిన్‌లెస్ మీద వాడితే ఇనుప రేణువులు అందులో దిగబడి, కొన్ని వారాలకు గోధుమ రంగు చుక్కలుగా తుప్పు పడతాయి. ఇనుప పీచుతో తోమినా అదే జరుగుతుంది. స్టెయిన్‌లెస్‌కు వాడే పనిముట్లను వేరే డబ్బాలో పెట్టుకోండి.

ఏ నంబరు కాగితంతో మొదలుపెట్టాలి?

అవసరమైనంత సన్నని ఇసుక కాగితంతో (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది). ఆకురాయి గీతలుంటే 320తో మొదలు. మామూలు గీతలే అయితే 600తో చాలు. అక్కడి నుంచి 400, 600, 800, 1000, 1500 అని వరస తప్పకుండా వెళ్లాలి. నీటిలో తడిపి వాడే వాటర్ పేపరు, నీటిలో ఒక చుక్క సబ్బు. ప్రతి నంబరుకూ రుద్దే దిక్కు మార్చండి. ముందు నిలువుగా రుద్దితే తర్వాత ఏటవాలుగా. పాత దిక్కు గీతలు ఒక్కటి కూడా మిగలనప్పుడే తర్వాతి నంబరుకు వెళ్లాలి.

మెరుపు బఫింగ్ చక్రం దగ్గర వస్తుందని అందరూ అనుకుంటారు. కాదు, ఇక్కడే వస్తుంది. 400 నంబరు గీతను వదిలేసి 1000కి దూకితే, చక్రం దాన్ని మాయం చేయదు, మెరిపించి చూపిస్తుంది. ఎండలో కారు నిలబెట్టిన రోజున ఆ గీతలన్నీ పైకి వస్తాయి.

బఫింగ్ యంత్రం ఎలాంటిది ఉండాలి?

ఒక హార్స్‌పవరుకు దగ్గరగా ఉన్న మోటారు, 8 అంగుళాల గుడ్డ చక్రాలు, చక్రం చుట్టూ పొడవాటి పట్టీ తిప్పుకునేంత ఖాళీ. అమెరికాలో మోటార్లు నిమిషానికి సుమారు 1,725 లేదా 3,450 చుట్లు తిరుగుతాయి. భారతదేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అవే మోటార్లు 1,440, 2,880 దగ్గర ఉంటాయి. స్టెయిన్‌లెస్‌కు వేగం ఎక్కువ కావాలి. అల్యూమినియానికి, జింక్ భాగాలకు తక్కువ వేగమే మంచిది.

చక్రాలు మూడు రకాలు ఉంచుకోండి. జనపనారలాంటి గరుకు నారతో చేసినది కోతకు, వరసలుగా కుట్టిన నూలు గుడ్డ చక్రం మధ్య దశకు, కుట్టులేని మెత్తని గుడ్డ చక్రం ఆఖరి మెరుపుకు. ఒక్కో చక్రానికి ఒక్కటే పాలిష్ కడ్డీ (తిరిగే చక్రానికి పట్టించే గట్టి పాలిష్ ముద్ద). కలిపితే ముతక రేణువులు ఆఖరి చక్రంలోకి చేరి, చేసిన పనంతా పాడుచేస్తాయి. చక్రం మీద పేరు రాసి పెట్టుకోవడం మంచిది.

స్టెయిన్‌లెస్‌ వేడిని త్వరగా పక్కకు పారనివ్వదు. అల్యూమినియంలో చల్లారిపోయే వేడి ఇక్కడ ఒకేచోట పేరుకుంటుంది. ఒక్క క్షణం ఒకే చోట ఆపితే ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత నీలం తిరుగుతుంది, పలుచని పట్టీ మెలిక పడుతుంది. చేయి కదులుతూనే ఉండాలి. చక్రం తిరిగే దిక్కుకు ఎదురుగా లాగితే లోహాన్ని కోస్తుంది. అదే దిక్కులో, తేలికగా నడిపితే మెరుపు తెస్తుంది. మొదటి దశలన్నీ ఎదురుగా, ఆఖరి దశ అదే దిక్కులో.

ఏ కడ్డీ దేనికి?

స్టెయిన్‌లెస్‌కు మొదట ముతకది, చాలామంది నల్లని ఎమరీ కడ్డీ వాడతారు, తర్వాత క్రోమియం ఆక్సైడు ఉన్న ఆకుపచ్చ కడ్డీ. అల్యూమినియానికి గోధుమ రంగు ట్రిపోలి, ఆ తర్వాత తెల్లది. కడ్డీ రంగులు తయారీదారును బట్టి మారతాయి కాబట్టి రంగు కంటే పైన రాసిన లోహం పేరు చూసి కొనండి. కడ్డీ ఎక్కువగా పట్టిస్తే పట్టీ మీద నల్లని జిడ్డు గీతలు వస్తాయి. అలా వస్తే చక్రాన్ని గీకి శుభ్రం చేసి, కడ్డీ తగ్గించండి. పని అయ్యాక మిగిలిన జిడ్డును గోరువెచ్చని సబ్బు నీటితో కడిగి, మెత్తని గుడ్డ మీద మొక్కజొన్న పిండి చల్లి తుడిస్తే శుభ్రంగా వదులుతుంది.

బఫింగ్ నిజంగా అంత ప్రమాదమా?

అవును. 8 అంగుళాల చక్రం అంచు 3,450 చుట్ల వద్ద గంటకు సుమారు 130 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. ఆ అంచు పట్టీ కొసను పట్టుకుంటే పట్టీని మీ చేతిలోంచి లాక్కుని విసిరేస్తుంది. పలుచని, పదునైన, అర మీటరు పొడవు స్టీలు అలా ఎగిరితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఒకసారి నా చక్రం గాడి పట్టీని లాక్కుని గ్యారేజీ గోడలోకి దింపేసింది. ఆ తర్వాత ఈ నియమాలను ఎన్నడూ తప్పలేదు.

చక్రం మధ్య గీతకు కిందనే పని చేయండి. చక్రం పట్టీ అంచు మీదుగా బయటికి జారిపోవాలి, అంచులోకి ఎప్పుడూ ఎదురు రాకూడదు. పట్టీ కొస దగ్గరికి వచ్చేసరికి అటువైపు నుంచి తిప్పి పట్టుకోండి. పొడవైన మెత్తని పట్టీ వెనక దాని వంపుకు సరిపోయే చెక్క బద్దను ఆనించి రెండింటినీ కలిపి పట్టుకోండి. ముఖమంతా కప్పే కవచం, ముక్కుకు దుమ్ము ఆపే మాస్కు, చెవులకు రక్షణ, పొట్టి చేతుల చొక్కా. చేతికి ఉంగరం గాని, మెడలో గొలుసు గాని, వదులు గుడ్డ చేతితొడుగు గాని ఉండకూడదు. అల్యూమినియం దుమ్ముకు మంట త్వరగా అంటుకుంటుంది కాబట్టి దాని పక్కనే ఇనుము గ్రైండింగ్ చేసి నిప్పురవ్వలు రప్పించకండి. అలసట వస్తే ఆ రోజుకు ఆపేయండి.

అల్యూమినియం గ్రిల్లు తెల్లబారింది. ఎంత రుద్దినా మెరవడం లేదు. ఎందుకు?

మీరు రుద్దుతున్నది అల్యూమినియాన్ని కాదు. దాని మీదున్న ఆనోడైజింగ్ పొరను. ఫ్యాక్టరీలో మెరిపించిన అల్యూమినియాన్ని ఆమ్లంలో ముంచి కరెంటు పంపితే పైన కొన్ని మైక్రాన్ల మందాన అల్యూమినియం ఆక్సైడు పొర ఏర్పడుతుంది. అది పారదర్శకం, చాలా గట్టిది. ఏళ్ల ఎండకు, శీతాకాలం రోడ్డు ఉప్పుకు, ఘాటైన చక్రాల క్లీనర్లకు ఆ పొర మబ్బు కమ్మినట్లు అవుతుంది. పాలిష్ దాని పైపైనే జారుతుంది. ముందు ఆ పొర తీయాలి.

పొర కాస్టిక్ సోడాకు కరుగుతుంది. బయట, గాలి ఆడే చోట, ప్లాస్టిక్ తొట్టిలో చల్లని నీరు పోసి, అందులో లీటరుకు 50 గ్రాముల దాకా కాస్టిక్ సోడా వేయండి. సోడాను నీటిలో వేయాలి, సోడా మీద నీరు ఎప్పుడూ పోయకూడదు. రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు, పొడవు చేతుల చొక్కా తప్పనిసరి. దగ్గరలో నిప్పు ఉండకూడదు, ఎందుకంటే వచ్చే బుడగలు హైడ్రోజన్. పట్టీకి తగిలిన స్టీలు, జింకు భాగాలన్నీ ముందే విడదీయండి. ముంచిన తర్వాత నిమిషాలు లెక్కపెడుతూ నిలబడండి. మొదట ఏమీ జరగనట్లుంటుంది, పొర పోయిన క్షణం నుంచి బుడగలు జోరుగా వస్తాయి. ఆ క్షణమే తీసి, ధారాళంగా నీటితో కడగాలి. ఇంకో నిమిషం వదిలితే సోడా లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. నల్లని మసి పట్టినట్లు కనిపిస్తే కంగారు పడకండి, రుద్దేటప్పుడు పోతుంది. మల్టీమీటరు మోగిందంటే పొర పూర్తిగా పోయినట్లే.

ఇప్పుడు చేతిలో ఉన్నది చాలా మెత్తని లోహం. 600 లేదా 800 నంబరుతో మొదలుపెట్టి, తేలిక చేతితో నడవండి. ఒకటి రెండు గంటల్లో అద్దంలా అవుతుంది. అయితే ఆ మెరుపు రక్షణ లేని మెరుపు, కొన్ని వారాల్లో మసకబారుతుంది. రోజూ తిరిగే కారైతే మళ్లీ ఆనోడైజింగ్ చేసే చోటికి పంపడమే సరైన పని. పంపేముందు మెరుగు పూర్తి చేసి పంపాలి, ఆ పొర కింద ఏముంటే అదే జీవితాంతం కనిపిస్తుంది. ఆదివారం కారైతే నెలకోసారి మైనం పట్టిస్తే సరిపోతుంది. పైన పారదర్శక లక్క స్ప్రే చేయమని చాలామంది సలహా ఇస్తారు. నేను వద్దంటాను. ఒక చిన్న రాయి తగిలి లక్క చిట్లిందంటే దాని కింద నీరు పాకి తెల్లని దారాల్లా మచ్చలు వస్తాయి, అప్పుడు లక్క తీయడం ఇంకో పని.

బంపరు మీద చుక్కల తుప్పు ఉంది. క్రోమ్ పాలిష్‌తో పోతుందా?

పైకి చిమ్మిన తుప్పు పోతుంది, దాని మూలం పోదు. ఇక్కడ పూతల వరస తెలుసుకోవాలి. ఇనుము మీద తరచుగా రాగి, దాని మీద నికెల్, అన్నిటికీ పైన క్రోమ్. నికెల్ పొర పదుల మైక్రాన్లు ఉంటే, క్రోమ్ సాధారణంగా అర మైక్రానుకు అటూ ఇటూ. మనం చూసే మెరుపులో ఎక్కువ భాగం కిందనున్న నికెల్‌ది, దాని కిందనున్న సానబట్టిన ఇనుముది. పైపొరలోని సూక్ష్మ రంధ్రాల గుండా తేమ లోపలికి దిగి, ఇనుమును చేరి, తుప్పు ఎర్రగా పైకి వస్తుంది.

కొద్దిపాటి తుప్పుకు వంటింటి అల్యూమినియం రేకును నలిపి, నీటిలో తడిపి మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తనిది కాబట్టి గీతలు పడవు, తుప్పు వదులుతుంది. తర్వాత కడిగి, ఆరబెట్టి, మైనం పట్టించండి. పొక్కులు లేచినా, పొర పెచ్చులుగా ఊడినా మళ్లీ పూత పూయించడం తప్ప దారి లేదు. ఆ పని ఇంట్లో చేయకండి. క్రోమ్ పూతకు వాడే ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సరు కలిగించే విషం.

పూత దుకాణానికి ఇచ్చేటప్పుడు ప్రతి ముక్కకూ రెండువైపులా ఫోటో తీసి, జాబితా రాసి, వాళ్ల సంతకం తీసుకోండి. నేను ఒక దుకాణానికి ఇచ్చిన తొమ్మిది ముక్కల్లో ఎనిమిదే తిరిగొచ్చాయి. జాబితా లేకపోవడంతో అడగడానికి నా దగ్గర ఆధారం లేకపోయింది. ఆ చిన్న వెనక దీపపు చట్రం కోసం ఏడాదిపాటు వెతికాను.

తలుపు పిడి, చిహ్నాల మీద పొక్కులెందుకు వస్తాయి?

అవి జింక్ పోతలు. వాటికి వాడే మిశ్రమాల్లో పేరున్న జమాక్‌ను 1929లో న్యూజెర్సీ జింక్ కంపెనీ తయారు చేసింది. జింక్, అల్యూమినియం, మెగ్నీషియం, రాగికి జర్మన్ భాషలో ఉన్న పేర్ల తొలి అక్షరాలు కలిపితే ఆ పేరు వచ్చింది. సన్నని అక్షరాలు, రెక్కలు, గుర్రాలు సులభంగా పోత పోయవచ్చు కాబట్టి 1965 మస్టాంగ్ గ్రిల్లు మధ్య పరుగెత్తే గుర్రం, దాని చుట్టూ ఉన్న చట్రం వంటివన్నీ ఇలాగే చేశారు. క్రోమ్‌లో ఒక రంధ్రం దొరికితే చాలు, కింద జింక్ ఉబ్బి తెల్లని పిండి అవుతుంది, పైపొరను పొక్కులా లేపుతుంది.

పొక్కును గీకితే గుంట బయటపడుతుంది. దాన్ని రుద్ది మాయం చేయలేం. అసలు మరమ్మతు పెద్ద పని: పాత పూత తీసి, ప్రతి గుంటలోని చిలుమును చిన్న డ్రిల్లుతో శుభ్రం చేసి, రాగి పూత వేసి, గుంటలను టంకంతో నింపి, సానబట్టి, మళ్లీ రాగి, నికెల్, క్రోమ్. ఇవన్నీ ఓపికతో చేసే దుకాణాలు తక్కువ, ధర ఎక్కువ. ఇంట్లో మంట చూపించి టంకం పెట్టాలని ప్రయత్నించకండి. ఈ మిశ్రమం 385 డిగ్రీల సెల్సియస్ దగ్గరలోనే కరిగిపోతుంది. మంట కింద రంగు మారి హెచ్చరించదు, ఒక్కసారిగా కుప్పకూలుతుంది.

పొక్కులు రెండు మూడే ఉంటే వాటిని అలాగే ఉంచి మైనం పట్టించి నడుపుకోమని నా సలహా.

ఇత్తడి పాత్రలకు వాడినట్లు చింతపండు వాడవచ్చా?

ఈ ప్రశ్న తెలుగువాళ్లే అడుగుతారు, అడిగినప్పుడల్లా అమ్మమ్మ వెనక పెరట్లో బిందెలు తోముతున్న దృశ్యం గుర్తొస్తుంది. ఇత్తడి మీద చింతపండు పులుపు చిలుమును కరిగిస్తుంది, అసలు లోహానికి పెద్దగా ఏమీ కాదు. ఇక్కడ మాత్రం వద్దు. స్టెయిన్‌లెస్‌కు దానితో పెద్దగా ఉపయోగం లేదు, జింక్‌ను, అల్యూమినియాన్ని పులుపు మసకబారుస్తుంది. నిమ్మ ఉప్పు ఒక్క చోట పనికొస్తుంది: ఆకురాయి పని అయిన స్టెయిన్‌లెస్ పట్టీని పలుచని నిమ్మ ఉప్పు నీటిలో అరగంట ఉంచి బాగా కడిగితే, పైన దిగబడిన ఇనుప రేణువులు కరిగిపోతాయి. బ్లీచింగు, స్నానాల గదులు కడిగే ఆమ్లం ఏ పట్టీ దగ్గరకూ రానివ్వకండి. వాటిలోని క్లోరైడు స్టెయిన్‌లెస్‌కు కూడా గుంటలు పెడుతుంది.

మెరిసేదంతా లోహమేనా?

కాదు. 1960ల చివరికి కొన్ని గ్రిల్లులు, చట్రాలు ప్లాస్టిక్ మీద పలుచని లోహపు ఆవిరి పూతతో వచ్చాయి. వాటి మీద పాలిష్ ఒక్కసారి రాస్తే మెరుపు గుడ్డకు వచ్చేస్తుంది. సబ్బు నీరు, మెత్తని గుడ్డ, అంతే.

కొత్త నకలు పట్టీలు దొరుకుతున్నాయి కదా, పాతవి బాగుచేయడం ఎందుకు?

మస్టాంగ్, కమారో, షెవెల్ వంటి కార్లకు దాదాపు అన్నీ కొత్తవి దొరుకుతాయి. నా అభిప్రాయం: పాత స్టెయిన్‌లెస్ పట్టీ చిరగకపోతే దాన్నే బాగుచేయండి. అది మీ కారు వంపుల కోసం చేసినది, ఏళ్ల తరబడి అక్కడే ఉండి ఆ రేకుతో సర్దుకున్నది. నకలు పట్టీల్లో మూలల దగ్గర ఖాళీలు, వంపు తేడాలు నాకు తరచుగా ఎదురయ్యాయి. గుంటలు పడిన జింక్ చిహ్నాల విషయంలో మాత్రం నా లెక్క వేరు, మంచి నకలు దొరికితే కొనేయండి. పాతది పారేయకండి, వెనక పార్టు నంబరు అచ్చుపోసి ఉంటుంది, అది ఆ కారు కథలో భాగం.

పట్టీ మధ్యలో నల్లరంగు గీత ఉంది. దాన్నీ తీసేయాలా?

ముందు ఫోటో తీసి, వెడల్పు కొలవండి. చాలా గ్రిల్లులకు, పట్టీలకు గాడిలో సగం మెరుపున్న నల్లరంగు ఫ్యాక్టరీలోనే వేశారు. మెరుగు అయ్యాక జిడ్డు పూర్తిగా తీసి, టేపుతో కప్పి, లోహానికి పట్టే ప్రైమరు వేసి మళ్లీ వేయండి. నలుపు లేకుండా వదిలేస్తే అంతా అద్దంలా మెరిసి, కారు ముఖం మారిపోతుంది.

బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

రంగు వేయకముందే ఒకసారి అన్ని పట్టీలూ బిగించి చూడండి. రంగు వేశాక రంధ్రం సరిపోలేదని తెలిస్తే ఆ బాధ మాటల్లో చెప్పలేను. క్లిప్పులు కొత్తవి వాడండి, పాతవి పట్టు వదిలేసి ఉంటాయి. క్లిప్పును పట్టే చిన్న మేకుల మొదట్లో రంగు ఊడి ఉంటే ప్రైమరు, రంగు వేసి మూసేయండి. స్టెయిన్‌లెస్, ఉత్త ఇనుము తడిలో ఒకదానికొకటి తగిలితే ఇనుమే ముందు తుప్పు పడుతుంది. రేకులో ప్రతి రంధ్రానికీ మెత్తని బ్యూటైల్ రబ్బరు ముద్ద పెట్టి నట్టు బిగించండి, నీరు తలుపులోకి దిగదు. జింక్ కాళ్ల నట్లను వేళ్లతో తిప్పి, ఆపైన పావు చుట్టే. పట్టీ పాత వంపుకు చేరడానికి గట్టిగా నెట్టాల్సి వస్తుంటే ఎక్కడో తప్పుంది, ఆగి చూడండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అంబాసిడర్ ఉన్నవారికి ఇది పనికొస్తుందా?

పనికొస్తుంది. లోహం దేశాన్ని బట్టి మారదు. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌కు కూడా క్రోమ్ బంపర్లు, పోత భాగాలు ఉన్నాయి, పైన చెప్పిన వెనకవైపు పరీక్షే దానికీ మొదటి మెట్టు. స్టీలు పాత్రలకు బఫింగ్ చేసే పనివాళ్లు మన పట్టణాల్లో ఉన్నారు. వాళ్ల పనితనం గొప్పది గాని, కారు పట్టీకి పాత్రంత మందం ఉండదని ముందే చెప్పండి. విశాఖపట్నం లాంటి సముద్ర తీరంలో ఉంటే మైనం మరింత తరచుగా పట్టించాలి. గాలిలోని ఉప్పు ఇక్కడ మిషిగన్‌లో రోడ్డు మీద చల్లే ఉప్పు చేసే పనే చేస్తుంది.

ఎంత సమయం పడుతుంది?

సొట్టలున్న అద్దపు పట్టీ ఒక్కటి నాకు మూడు నుంచి ఐదు గంటలు. షెవెల్ పట్టీలన్నీ ఒక శీతాకాలం.

తర్వాత ఎలా కాపాడుకోవాలి?

మెత్తని సబ్బు, మెత్తని గుడ్డ, కార్నౌబా మైనం. యంత్రాల కార్ వాష్ వద్దు. వాన తర్వాత పట్టీల కింద నిలిచిన నీటిని గాలితో ఊదేయండి. కారును ప్లాస్టిక్ పట్టాతో కప్పకండి, తేమ లోపలే ఉండిపోతుంది. గాలి ఆడే గుడ్డ కవరు వాడండి.

ఎప్పుడు ఆపాలి?

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్టెయిన్‌లెస్ పట్టీకి ప్రదర్శన కార్లలో చూసేంత అద్దపు మెరుపు ఉండేది కాదు, అది రోలరు కింద నుంచి వచ్చిన చక్కని, కాస్త మృదువైన మెరుపు. మీ కారు రంగు ఎక్కువ భాగం అసలుదే అయితే పట్టీని దానికి తగ్గట్టే ఆపండి, 1,000 నంబరు తర్వాత ఒక్క ఆకుపచ్చ కడ్డీ చాలు. ప్రతి బఫింగూ కొంత లోహాన్ని తీసుకెళ్తుంది, అంచుల పదును గుండ్రమవుతుంది, చిహ్నాల మీద అక్షరాలు కరుగుతాయి. నేను పట్టీని పగటి వెలుగులో, చేయి చాచిన దూరంలో పట్టుకుని చూస్తాను. అక్కడి నుంచి గీత కనబడకపోతే ఆ పట్టీని గుడ్డలో చుట్టి, చీటీ కట్టి, అరలో పెట్టేస్తాను.